టెక్సాస్ ప్రైమరీలో ఏ పార్టీ బ్యాలెట్ తీసుకోవాలి?

మేము ఫ్రిస్కోలో ఉంటాం. నిరుడే పౌరసత్వం వచ్చింది, 2026 మార్చి 3న ప్రైమరీలో, అంటే పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలో, నా మొదటి ఓటు. సెనేట్ సీటుకు రిపబ్లికన్లలో కార్నిన్, పాక్స్‌టన్ తలపడుతున్నారు. డెమొక్రాట్లలో క్రాకెట్, టలరికో. రెండు పోటీలూ నాకు ముఖ్యమే, కానీ ఒక్క పార్టీ బ్యాలెట్టే ఇస్తారు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మే 26న రెండో విడత. అప్పుడు పార్టీ మారడానికి వీల్లేదట. మార్చిలో అసలు ఓటే వేయకపోతే, మేలో నచ్చిన వైపు వెళ్లవచ్చా?

ఇంకొకటి. గవర్నరు, అటార్నీ జనరల్ సంగతి తెలుసు. రైల్‌రోడ్ కమిషనర్ దగ్గర ఆగిపోయాను. పేరులో రైలు ఉన్నా చూసేది చమురు, గ్యాస్ వ్యవహారాలట! ఇలాంటి పదవుల అభ్యర్థుల గురించి మీరు ఎక్కడ చదువుతారు? పేర్లు రాసుకున్న కాగితం లోపలికి తీసుకెళ్లనిస్తారా? దయచేసి వాట్సాప్ సందేశాలు మాత్రం పంపకండి, ఇప్పటికే బోలెడు వచ్చాయి.