అప్‌డేట్: హన్మకొండ నుంచి కాశికి క్యారవాన్‌ల పోయొచ్చినం

డెబ్బై దాటిన అమ్మ, బాపు, ఇద్దరు పిల్లలతోని మే ఎండల కిరాయి క్యారవాన్‌ల (లోపల్నే పండుకునే, ఉండే వసతి ఉన్న బండి) కాశికి పోవచ్చా అని ఏప్రిల్‌ల మిమ్ములను అడిగిన కదా. పోయి, క్షేమంగ తిరిగొచ్చినం.

మంచిర్యాల, చంద్రాపూర్ మీదికెళ్లి నాగ్‌పూర్, అక్కడి నుంచి జబల్‌పూర్, రీవా, ప్రయాగ్‌రాజ్. "పొద్దున 11 దాటితే బండి ఆపుండ్రి" అని మీలో ఒక అక్క చెప్పిన మాట అక్షరాలా పాటించినం. పొద్దుగాల 4కే బయలెల్లేది.

ఏసీ గురించి మీరు చెప్పింది నిజమే. కప్పు మీది ఏసీ బండి లోపలి బ్యాటరీ మీద ఎక్కువసేపు నడువది. జనరేటర్ గాని, బయటి కరెంటు గాని ఉండాలె. నాగ్‌పూర్ దాటినంక ఒక దాబాల వోల్టేజ్ సాలక ఆగిపోయింది. లోపల పొయ్యి లెక్క కాగింది. అమ్మకు కండ్లు తిరిగినయి. తడిబట్ట కప్పి, ఉప్పేసిన చల్ల తాగిపిచ్చి, వేపచెట్టు కింద నులకమంచం మీద పండవెడితే గంటకు తేరుకుంది. యాదికొస్తె ఇప్పటికీ గుండె దడే. ఆ తర్వాత కరెంటు చూసుకోనిదే ఎక్కడా ఆగలే.

పెంచ్ అడవిల 44వ నంబర్ జాతీయ రహదారిని కొన్నిచోట్ల వంతెనల మీదికి లేపి, కిందికెళ్లి జంతువులు దాటేటట్టు కట్టిన్రు. పిల్లలు కిటికీ ఇడవలే. జబల్‌పూర్ దగ్గరి భేడాఘాట్‌ల నర్మద దుంకుడు చూసి బాపు చాలాసేపు మాట్లాడలే.

కాశిల ఇష్టమైనది ఇడవాలె గదా, బాపు వంకాయ ఇడిచిండు. ఆయన తినని కూర నాకెందుకని అమ్మ ఇంట్ల వంకాయ వండుడే బంద్ చేసింది.