భిన్నమైన ప్రేమకథలు రాస్తూ బ్రతకవచ్చా? బెంగళూరు తెలుగువారి చర్చ

మారతహళ్ళి రచయిత్రి:
నేను తెలుగులో ప్రేమ నవలలను ధారావాహికలుగా రాస్తున్నాను. వినికిడి లేని యువతి, భర్త పోయాక యాభై ఏళ్ళ వయసులో మళ్ళీ ప్రేమలో పడిన ఉపాధ్యాయురాలు, ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరు యువకులు నా కథలలో ముఖ్యపాత్రలు. చదివేవారు ఉన్నారు గానీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి దీనినే నమ్ముకోవచ్చునా అన్నది తేలడం లేదు. అనుభవజ్ఞులు చెప్పగలరు.

జయనగర పాఠకుడు:
ఉద్యోగం అప్పుడే వదలకండమ్మా. యద్దనపూడి సులోచనారాణి గారి కాలంలో నవల మొదట పత్రికలో సీరియల్‌గా, తరువాత పుస్తకంగా, కొన్నిసార్లు సినిమాగా వచ్చి రచయితకు పలుమార్లు ఆదాయం తెచ్చేది. ఆ పత్రికలలో చాలావరకు మూతబడ్డాయి.

కోరమంగళ న్యాయవాది:
ఆదాయం మాట తరువాత, ముందు ఒప్పందం చూసుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో గడువు రాయకపోతే 5 సంవత్సరాలనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ భావిస్తారు. ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులను విడివిడిగా రాయించుకోండి. ధారావాహికలు వేసే మొబైల్ యాప్‌లలో రచయితలు ఎక్కువగా నష్టపోయేది అన్నిటినీ ఒకే వాక్యంలో ఇచ్చివేయడం వల్లనే.

హెబ్బాళ కథకుడు:
ఇద్దరు యువకుల కథ గురించి ఒక మాట. సుఖాంతం లేనిదే ప్రేమ నవల పాఠకులు ఊరుకోరు, మనకేమో సుఖాంతమంటే పెళ్ళిపందిరి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అటువంటి బంధం నేరం కాదన్నది గానీ, 2023 అక్టోబరు 17 నాటి తీర్పులో ఆ పెళ్ళికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. అందుచేత నేను ఇద్దరి పేర్లమీదా ఇంటి అద్దె ఒప్పందం రాయించి, సంక్రాంతికి ఇద్దరినీ రమ్మని తల్లి చేత ఫోను చేయించి కథ ముగించాను. పెళ్ళి లేదని విసుక్కున్నవారు కూడా ఆ ఫోను దగ్గర కంటతడి పెట్టామని రాశారు. మతాంతర ప్రేమకైతే ప్రతినాయకుడే అక్కరలేదు: 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ఇచ్చిన నోటీసును కార్యాలయంలో అందరికీ కనబడేలా అతికించి, అభ్యంతరాలకు 30 రోజులు గడువు ఇస్తారు. తెలిసినవారెవరైనా ఆ గోడ వైపు చూస్తారేమోనన్న భయం చాలు, నాలుగు అధ్యాయాలు నడుస్తాయి.

మల్లేశ్వరం పాఠకురాలు:
నా చెల్లెలికి వినబడదు. సంజ్ఞా భాషలో చెప్పిన మాటలను ముక్కలు ముక్కలుగా రాయకండి, అది పూర్తి వ్యాకరణం ఉన్న భాష. అటువంటివారి చేత చిత్తుప్రతి చదివించి, ఆ పనికి డబ్బు కూడా ఇవ్వండి.

మారతహళ్ళి రచయిత్రి:
ఉద్యోగం కొనసాగిస్తాను. న్యాయవాది గారూ, 2019లో ఒక ప్రచురణకర్తకు ఇచ్చిన నవల ఒప్పందంలో గడువే లేదు. ఆ పుస్తకాన్ని నేను మళ్ళీ వేసుకోవచ్చా?

కోరమంగళ న్యాయవాది:
గడువు లేకపోతే 5 సంవత్సరాలు ముగిసినట్లే. అయితే ‘శాశ్వతంగా’ అన్న పదం ఎక్కడైనా ఉందేమో, సంతకం చేసిన ప్రతి పేజీలోనూ వెతికిన తరువాతే అచ్చువారితో మాట్లాడండి.