మాటలు అందని రోజుల్లో మనం ఇష్టపడ్డ 1980ల ఇంగ్లిషు పాటలు

పాతటేపు:
మిత్రులందరికీ నమస్కారం. 1990లో విజయవాడలో మా అక్క నిశ్చితార్థం జరిగినప్పుడు డాబా మీద పాటలు పెట్టే బాధ్యత నాది. ద పోలీస్ బృందం 1983లో విడుదల చేసిన 'ఎవ్రీ బ్రెత్ యు టేక్' పాటను వరుసగా రెండుసార్లు పెట్టాను. అంత మెత్తని బాణీ కనుక అది ప్రేమగీతమేనని నాకు గట్టి నమ్మకం. మగపెళ్లివారి తరఫున వచ్చిన ఒక ఇంగ్లిషు లెక్చరరు గారు నన్ను పక్కకు పిలిచి, "బాబూ, వదిలి వెళ్లిన మనిషి ప్రతి కదలికనూ కనిపెడతానని బెదిరించే పాట ఇది, శుభకార్యానికి ఇదేమిటి?" అని నవ్వుతూనే అన్నారు. ఆ రోజు సిగ్గుపడ్డాను గాని, మాటలు తెలియకుండా, బాణీని బట్టి అర్థం ఊహించుకుని, తరువాత తెల్లబోయినవాడిని నేనొక్కడినే కానని నా అనుమానం. మీ అనుభవాలు కూడా చెప్పండి.

స్వరజిజ్ఞాసి:
మీ తప్పేమీ లేదండీ. వివాహం విచ్ఛిన్నమైన రోజుల్లో ఆ బృందపు గాయకుడు స్టింగ్ జమైకా వెళ్లి, జేమ్స్ బాండ్ సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్‌కు చెందిన గోల్డెన్ ఐ అనే ఇంట్లో ఉన్నప్పుడు ఈ పాట రాశారు. అమెరికా చార్టులో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచిన ఈ పాటను లోకం పెళ్లిళ్లలో పెట్టుకుంటుంటే, అది ప్రేమపాట కాదని ఆయనే చెప్పుకోవలసి వచ్చింది.

మోసమంతా ఆ బృందపు గిటారిస్టు ఆండీ సమ్మర్స్ గిటారులో ఉందని నా అభిప్రాయం. ఆయన షడ్జమం, పంచమం పలికించిన తరువాత నేరుగా గాంధారానికి పోకుండా పైస్థాయి రిషభం మీద ఒక్క క్షణం ఆగుతారు. సంతోషమో విషాదమో తేల్చి చెప్పవలసింది గాంధారం కదా, అది ఆలస్యంగా వస్తుంది కనుక వినేవారి మనసు ఎటూ తేలక ఊగుతూ ఉంటుంది. నా గిటారు మీద ఈ వరుసను నేర్చుకోవడానికి నాకు పట్టిన సమయంలో సగం ఎడమచేతి వేళ్లు సాగదీయడానికే సరిపోయింది.

అరవైనిమిషాలు:
నా కథ మాటలది కాదు, టేపుది. మా ఊరి రికార్డింగ్ షాపులో మనం ఇచ్చిన జాబితా ప్రకారం 60 నిమిషాల ఖాళీ క్యాసెట్‌లో పాటలు ఎక్కించి ఇచ్చేవారు. ఒక వైపున 30 నిమిషాలే కదా, చివరి పాట పూర్తిగా పట్టకపోయినా ఆ షాపాయన పట్టించుకునేవాడు కాదు. నా క్యాసెట్‌లో మొదటి వైపు చివరి పాట ఫిల్ కాలిన్స్ పాడిన 'ఇన్ ది ఎయిర్ టునైట్'. మూడు నిమిషాలు దాటి కాస్త ముందుకు సాగగానే టప్‌మని మీట పైకి లేచేది. నాకు తెలిసిన ఆ పాటలో మెల్లగా కొట్టుకునే యంత్రపు తాళం, దీర్ఘంగా సాగే సింథసైజర్ ధ్వని, గొణుగుతున్నట్టుండే గొంతు తప్ప మరేమీ లేవు. రాత్రి నిద్రకు ముందు వినే జోలపాట లాగా నాలుగేళ్లు విన్నాను.

ఆ తరువాత హాస్టల్లో ఒక సీనియర్ గదిలో అదే పాట వస్తుంటే, నా లెక్క ప్రకారం ఆగిపోవలసిన చోట ఆగకుండా ముందుకు వెళ్లింది. కాసేపటికి, అంటే దాదాపు మూడు నిమిషాల నలభై సెకన్ల దగ్గర, ఆ డ్రమ్స్ విరుచుకుపడ్డాయి. చేతిలోని టీ గ్లాసు తొణికి చొక్కా తడిసింది. ఆ పాట ప్రపంచమంతటా ప్రసిద్ధమైనదే ఆ డ్రమ్స్ వల్లనని అందరూ చెబుతుంటే, ఆ ముక్క లేకుండానే దాన్ని ప్రేమించినవాడిని నేను.

స్వరజిజ్ఞాసి:
అరవైనిమిషాలు గారూ, ఆ మోత పుట్టిందే పొరపాటున. లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో గాయకుడు పీటర్ గాబ్రియల్ 1980 ఆల్బమ్ తయారవుతుండగా, వాద్యకారులు చెప్పే మాటలు అద్దం అవతల కూర్చున్న ఇంజినీరుకు వినిపించడానికి పెట్టిన మైకులో కాలిన్స్ డ్రమ్స్ పడ్డాయి. దూరపు మాటలు కూడా వినిపించేలా ఆ మైకు చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని అణుస్తుంది. ఇంజినీరు హ్యూ పాడ్గమ్‌కు ఆ మోత నచ్చి, దానికి నాయిస్ గేటును జోడించారు. గదిలో మార్మోగుతున్న ధ్వని తనంతట తాను తగ్గిపోకముందే ఆ గేటు దాన్ని కత్తిరించినట్టు ఆపేస్తుంది. ఆ దశాబ్దంలో సగం పాటలు అలా మోగడానికి మూలం ఇదే. ఇక 'ఇన్ ది ఎయిర్ టునైట్' మునిగిపోతున్న మనిషిని రక్షించనివాడి మీద రాసిన పాట అని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. అది నిజం కాదు, తన విడాకుల బాధలో రాశానని కాలిన్స్ పలుమార్లు చెప్పారు.

ఎడిసన్ వాసి:
నేను న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో జూలై 4న బాణాసంచా చూడడానికి వెళితే బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'బార్న్ ఇన్ ద యు.ఎస్.ఎ.' మోగించారు. జనమంతా పిడికిళ్లు ఎత్తి పల్లవి పాడుతుంటే నేనూ పాడాను. చరణాలు చదివింది మాత్రం చాలా కాలం తరువాత. వియత్నాం యుద్ధానికి పంపబడి, తిరిగి వచ్చాక పని దొరకక, ఎటూ పోలేక మిగిలిపోయిన ఒక కార్మికుడి గోడు అది. కాబట్టి మాటలు అందకపోవడం మన ఇంగ్లిషు లోపం మాత్రమే కాదు, అది మాతృభాష అయినవారికీ అందలేదు. 1984 సెప్టెంబరులో అధ్యక్షుడు రేగన్ ఈ రాష్ట్రంలోనే హామంటన్‌లో ఎన్నికల ప్రసంగం చేస్తూ, స్ప్రింగ్‌స్టీన్ పాటల్లోని ఆశాసందేశాన్ని మెచ్చుకున్నారు.

ఇదే పాటను స్ప్రింగ్‌స్టీన్ 1982లో ఒంటరిగా గిటారుతో పాడి రికార్డు చేశారు. అది 1998లో విడుదలైంది. డ్రమ్స్ లేవు, పిడికిలి ఎత్తే సందు లేదు, ఆ చరణాలు తప్ప వినడానికి మరేమీ ఉండదు. నిజం చెప్పాలంటే నాకు ఇప్పటికీ మోతగా ఉన్నదే ఎక్కువ ఇష్టం, అందుకు కొంచెం అపరాధభావం కూడా ఉంది.

గోదావరి గట్టు:
అపరాధభావం దేనికండీ? త్యాగరాజ కృతిని తెలుగు రాని తమిళ శ్రోత తన్మయుడై వింటే మనం తప్పుపట్టడం లేదు కదా! జర్మన్ గాయని నేనా (Nena) బృందం 1983లో తెచ్చిన బెలూన్ల పాటను నేను పిల్లల పుట్టినరోజు పాట అనుకున్నాను. ఎగిరిపోయిన బెలూన్లను శత్రువులుగా భ్రమపడి దేశాలు యుద్ధానికి దిగే కథ అది. పశ్చిమ బెర్లిన్‌లో ఒక సంగీత కచేరీలో వదిలిన బెలూన్లను చూసి ఆ బృందపు గిటారిస్టుకు ఈ ఆలోచన వచ్చిందట. అర్థం తెలిశాక కూడా నా కాలు ఆడడం ఆగలేదు.

ఎడిసన్ వాసి:
కృతిలో మాట, బాణీ ఒకే వైపు నడుస్తాయి గట్టు గారూ. ఇక్కడ కావాలనే ఎదురెదురుగా నిలబెట్టారు. సుజాన్ వేగా 1987లో పాడిన 'లూకా' వినండి, పొద్దున్నే కిటికీ తెరిచినట్టుండే బాణీలో, ఇంట్లో దెబ్బలు తినే పసివాడు పొరుగువారితో తనను ఏమీ అడగవద్దని చెబుతూ ఉంటాడు. ఆ తేడా గుర్తించకపోతే పాటలో సగమే విన్నట్టు.

పాతటేపు:
అందరికీ కృతజ్ఞతలు. వచ్చే నెలలో మా అక్క కూతురి పెళ్లి. పాటల బాధ్యత మళ్లీ నాకే అప్పగించారు, బావగారు పాత సంగతి గుర్తుచేసి మరీ. ఈసారి జాగ్రత్తపడి ఆర్.ఇ.ఎమ్. బృందం 1987 నాటి 'ద వన్ ఐ లవ్' ఎంచుకున్నాను. పేరులోనే ప్రేమ ఉంది కనుక ఇబ్బంది ఉండదనుకుంటాను.

స్వరజిజ్ఞాసి:
పాతటేపు గారూ, పెళ్లికి ముందే ఆ పాటను మూడో పంక్తి దాకా ఒకసారి వినండి.