చర్చ: గ్రహశకలాలను కనుగొనడమే వృత్తిగా పెట్టుకోవచ్చా?

నీహారిక
భౌతికశాస్త్రంలో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. గ్రహశకలాలను, తోకచుక్కలను కనుగొనే పనిలో స్థిరపడాలని ఉంది. అయితే ఆ పని ఇప్పుడు యంత్రాలే చేస్తున్నాయని, మనిషికి మిగిలింది ఏమీ లేదని మా అధ్యాపకులు ఒకరు అంటున్నారు. ఈ రంగంలో పనిచేసినవారు తమ అనుభవం చెప్పగలరా?

వేకువజాము
ఆ మాట సగం నిజం. గ్రహశకలాల కోసం రోజూ ఆకాశాన్ని గాలించే ఒక సర్వేలో కొన్నేళ్లు పరిశీలకుడిగా ఉన్నాను. ఆకాశంలో ఒకే భాగాన్ని కొద్ది నిమిషాల ఎడంతో నాలుగుసార్లు చిత్రించేవాళ్లం. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి కనుక కదిలిన చుక్కను సాఫ్ట్‌వేర్ పట్టిచూపుతుంది. కానీ అది పట్టిచూపేవాటిలో కాస్మిక్ కిరణాలు (అంతరిక్షం నుంచి వచ్చే కణాలు) కెమెరాకు తగిలి పడే మచ్చలు, ఉపగ్రహాల చారలు, ప్రకాశవంతమైన నక్షత్రాల వల్ల కటకాల్లో ఏర్పడే దొంగ చుక్కలు కూడా ఉంటాయి. వాటిని ఏరివేసి, మిగిలినవాటి స్థానాలను ఆ రాత్రే, ప్రపంచం నలుమూలల నుంచి ఇలాంటి కొలతలను సేకరించే మైనర్ ప్లానెట్ సెంటర్‌కు పంపడం పరిశీలకుడి బాధ్యత. 2008 అక్టోబరు 6న అమెరికాలోని కాటలినా సర్వేలో రిచర్డ్ కోవాల్‌స్కీ గుర్తించిన 2008 టీసీ3 అనే చిన్న గ్రహశకలం దాదాపు 20 గంటల తరవాత సూడాన్ మీద వాతావరణంలో పేలిపోయింది. ఆ కాస్త వ్యవధిలోనే ఎన్నో అబ్జర్వేటరీలు దాన్ని వెంబడించగలిగాయంటే, వివరాలు వెంటనే అందరికీ చేరడమే కారణం. పౌర్ణమి రోజుల్లో తప్ప తక్కిన రాత్రుల్లో నిద్ర ఉండదు; ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

కక్ష్యామాత్య
పై మిత్రులు చెప్పినది తొలి రాత్రి సంగతి. నా ఉద్యోగం ఆ తరవాత మొదలయ్యేది. ఒక్క రాత్రి కొలతలతో కక్ష్య తేలదు. మరికొన్ని రాత్రులు ఎవరో ఒకరు వెంబడించకపోతే ఆ వస్తువు చేజారిపోతుంది. 2004 జూన్‌లో అమెరికాలోని కిట్ పీక్ అబ్జర్వేటరీ నుంచి కనుగొన్న అపోఫిస్ అనే గ్రహశకలానికి అదే జరిగింది. రెండు రాత్రుల తరవాత ఎవరికీ చిక్కలేదు. డిసెంబరులో మళ్లీ దొరికాక లెక్కకడితే, 2029 ఏప్రిల్ 13న భూమిని ఢీకొనే అవకాశం ఒక దశలో 2.7 శాతం వరకూ వెళ్లింది. పాత చిత్రాల్లో దాని జాడ వెదికి పట్టిన తరవాతే ఆ భయం తొలగింది. పాత చిత్రాలను తవ్వే ఆ పనికి పేరు రాదు గానీ, నా మటుకు అందులో ఉన్న తృప్తి కొత్త చుక్కను చూడడంలో లేదు.

పేరు పెట్టడం గురించి కూడా అడుగుతారు కనుక చెబుతున్నాను. కక్ష్య గట్టిగా నిర్ధారణై శాశ్వత సంఖ్య వచ్చాక కనుగొన్నవారు పేరు సూచించవచ్చు, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సంఘం ఆమోదించాలి. సంఖ్య రావడానికే ఏళ్లు పడుతుంది.

పాతఫిల్మ్
అమెరికా ఖగోళ పరిశీలకురాలు కరోలిన్ షూమేకర్ 50 ఏళ్లు దాటాక ఈ పనిలోకి వచ్చి, పాలోమార్ అబ్జర్వేటరీలో తీసిన ఫొటో ఫిల్ములను స్టీరియో మైక్రోస్కోప్ కింద జంటగా పరిశీలిస్తూ 32 తోకచుక్కలను కనుగొన్నారు. 1994 జులైలో గురుగ్రహాన్ని ఢీకొన్న షూమేకర్–లెవీ 9 వాటిలోనిదే. మనిషి కంటితో వెదికి పట్టే ఆ దారి ఇప్పుడు మూసుకుపోయిందనే నా అభిప్రాయం.

వేకువజాము
పూర్తిగా మూసుకుపోలేదు. పెద్ద సర్వేలు సూర్యుడికి చేరువగా ఉన్న ఆకాశాన్ని అంతగా చూడవు. 2019 ఆగస్టు 30న ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు గెన్నాదీ బోరిసోవ్ తాను స్వయంగా తయారుచేసుకున్న 65 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో, తెల్లవారుజామున ఆ దిక్కునే చూసి, మన సౌరకుటుంబం బయటి నుంచి వచ్చిన తోకచుక్కను పట్టుకున్నారు. అయితే దానితో జీతం వస్తుందని మాత్రం అనుకోకండి.

నీహారిక
జీతం సంగతే అడగాలనుకున్నాను. చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ 2025లో తొలి చిత్రాలతోనే, సుమారు 10 గంటల పరిశీలనలో, 2,104 కొత్త గ్రహశకలాలను చూపిందని చదివాను. ఇక పరిశీలకులకు ఉద్యోగాలు ఉంటాయా?

కక్ష్యామాత్య
రాత్రి టెలిస్కోప్ దగ్గర కూర్చునే ఉద్యోగాలు తగ్గుతాయి. వేర్వేరు రాత్రుల చుక్కల్లో ఏవి ఒకే వస్తువువో జతకూర్చే అల్గోరిదమ్‌లు రాయగలిగినవారికి గిరాకీ పెరుగుతుంది. ఇంకొకటి గమనించండి: అమెరికా సర్వేలకు డబ్బు ప్రధానంగా భూరక్షణ (గ్రహశకలాలు ఢీకొనకుండా భూమిని కాపాడే) పద్దు కింద నాసా నుంచి వస్తుంది. 140 మీటర్లు, అంతకు మించిన భూసమీప వస్తువుల్లో 90 శాతాన్ని గుర్తించాలని 2005లో అక్కడి చట్టసభ కాంగ్రెస్ నాసాకు లక్ష్యం విధించింది. ఉద్యోగాలు చాలావరకు గడువుతో కూడిన గ్రాంటుల మీదే నడుస్తాయి, కాబట్టి స్థిరత్వం తక్కువ. కక్ష్యా గణితం, పైథాన్, గణాంకశాస్త్రం పట్టుబడితే గ్రాంటు ఆగినా మరోచోట పని దొరుకుతుంది. దరఖాస్తు చేసే ముందు అంతర్జాతీయ ఖగోళ అన్వేషణ సహకారం వారు విద్యార్థులకు ఇచ్చే పాన్‌స్టార్స్ సర్వే చిత్రాలను అస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఒక నెలంతా చుక్కలు కొలిచి చూడండి. విసుగు పుట్టకపోతే అప్పుడు పీహెచ్‌డీ గురించి మాట్లాడుకుందాం.