విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలికి సైకిల్ మీద: గాలి, ఇసుక, ఉప్పు

కొత్తచక్రం: ఆదివారం భీమిలి వెళ్లొద్దామని. నాది గేర్ల హైబ్రిడ్ సైకిల్ (రోడ్డుకీ, కాస్త గతుకులకీ పనికొచ్చేది), 700×35 టైర్లు, అంటే 35 మిల్లీమీటర్ల వెడల్పువి. రానూపోనూ 60 కిలోమీటర్ల దాకా ఉంటుందా? ఎన్నింటికి బయల్దేరాలి?

ఎదురుగాలి: అంతే ఉంటుందండీ. తెల్లారి 5 కల్లా కదలండి. ఎండను ఓర్చుకోవచ్చు గానీ గాలితోనే చిక్కు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. ఎండాకాలం, వానాకాలం గాలి ఎక్కువగా నైరుతిదే కాబట్టి వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, మనమే బాగా తొక్కేస్తున్నాం అనిపిస్తుంది. ఎంత తోసిందో తిరుగు దారిలో తెలుస్తుంది. అందుకే సగానికి పైగా ఓపిక, నీళ్లు వెనక్కి రావడానికి దాచుకోండి. డిసెంబర్లో ఈశాన్యం గాలి, లెక్క తలకిందులు. గంటకి అరలీటరు తక్కువ కాకుండా తాగాలి, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ జేబులో ఉండాలి.

రెండుచిల్లులు: 70 కిలోల మనిషికి టైర్లలో గాలి ముందు 50, వెనక 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. మరీ బిగ్గా కొడితే రోడ్డు మీద పేరుకున్న ఇసుకలో జారుతుంది. తగ్గిస్తే గుంత అంచు తగిలి ట్యూబు రిమ్ము కింద నలుగుతుంది, పాముకాటులా పక్కపక్కనే రెండు చిల్లులు. చిల్లు ఒక్కటే ఉంటే ముల్లో గాజుపెంకో అనుకోండి. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి, ముల్లుంటే గుడ్డ పట్టుకుంటుంది. ఇది మర్చిపోతే రెండో ట్యూబూ పోతుంది.

ట్యూబుకి గాలి కొట్టే మూతి సన్నటి ప్రెస్టా వాల్వు అయితే బైకుల పంక్చర్ షాపు గొట్టం దానికి పట్టదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని వాల్వుకే బిగించి ఉంచండి.

చిన్నగేరు: రుషికొండ దగ్గర ఎత్తుపల్లాలకి ముందే గేరు తగ్గించండి. ఎక్కుతూ బలంగా తొక్కుతూ మారిస్తే చైను కటకటమని జారిపోతుంది. తొట్లకొండ బౌద్ధారామం 128 మీటర్ల ఎత్తున ఉంది, చూడాలంటే వెళ్లేటప్పుడే ఎక్కెయ్యండి.

ఎదురుగాలి: మొదటిసారికి తొట్లకొండ వద్దంటాను. భీమిలి లైట్‌హౌసు, డచ్ సమాధులు చూసి ఎండ ముదిరేలోపు తిరగడమే మేలు. గోస్తని సముద్రంలో కలిసే చోట ఈతకి దిగొద్దు.

చిన్నగేరు: సరే, అది మీ ఇష్టం. ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం సైకిల్ ఎక్కించకండి. వాన పడితే చక్రాల చాళ్లే కాలవలై దిబ్బని కోసేస్తాయి. పైగా ఆ మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుంటే చక్రం తిరగదు.

నూనెచుక్క: ఇంటికి రాగానే సైకిల్‌కి అంటిన ఉప్పు పోయేలా మగ్గుతో మంచినీళ్లు పోసి కడగండి. కార్లు కడిగే ప్రెషర్ గన్ వద్దు, బేరింగుల్లోకి నీళ్లు దూరతాయి. చైను ఆరాక లోపలివైపు లింకుకో చుక్క నూనె వేసి, పది నిమిషాలాగి పొడిగుడ్డతో పైదంతా తుడిచెయ్యాలి. పైన మిగిలిన నూనెకి ఇసుక అంటితే ఆకురాయిలా గేరు పళ్లని అరగదీస్తుంది. డిస్కు బ్రేకులైతే నూనె చెయ్యి డిస్కుకి తగలనివ్వద్దు.

కొత్తచక్రం: అలల పక్కన తడి ఇసుక మీద కాసేపు తొక్కితే?

నూనెచుక్క: ఉప్పునీళ్లు, ఇసుక చైన్లోకి పోతాయి; ఫొటో కావాలంటే సైకిల్ని భుజాన మోసుకెళ్లండి.