గాలం రీల్ మనమే విప్పుకోవాలా, చేసేవాళ్లకి ఇవ్వాలా?

రుషికొండ రాళ్లు
మొన్న ఆదివారం యారాడ రాళ్ల మీద నుంచి గాలం వేస్తుంటే పెద్ద అల కొట్టింది. రీల్ పూర్తిగా మునిగిపోయింది. 4000 సైజు స్పిన్నింగ్ రీల్, ఆరు వేలు పెట్టి కొన్నది. ఇంటికొచ్చి కుళాయి కింద బాగా కడిగాను. ఇప్పుడు తిప్పుతుంటే లోపల గరగరమంటోంది. చేప గట్టిగా లాగితే ఒక్కోసారి హ్యాండిల్ వెనక్కి తిరిగిపోతోంది. నేనే విప్పనా? వైజాగ్‌లో చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గేర్‌బాక్స్ గురునాథం
విప్పు తమ్ముడూ, భయమెందుకు. రీల్ డబ్బాలో భాగాలన్నీ విడివిడిగా గీసిన కాగితం ఒకటి వస్తుంది, అది పారేయకపోతే సగం పని అయినట్టే. ముందు కొంచెం డబ్ల్యూడీ-40, అదే తుప్పు వదిలించే స్ప్రే డబ్బా, కొట్టు, ఉన్న నీళ్లు బయటికొస్తాయి. తర్వాత హ్యాండిల్ తీసి, పక్క మూత స్క్రూలు విప్పు. ప్రతి అడుగుకీ ఫోన్‌లో ఫోటో తీసుకో. పెద్ద గేరుకి అటూ ఇటూ కాగితమంత పల్చటి వాషర్లు, అదే షిమ్‌లు ఉంటాయి. అవి గ్రీజుకి అతుక్కుని బేరింగుతో పాటే వచ్చేస్తాయి, చాలామంది చూసుకోరు. ఏ వైపువి ఆ వైపే పెట్టాలి. గేర్లు కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, మెరైన్ గ్రీజు పల్చగా రాస్తే చాలు.

కొర్రమీను కుర్రాడు
అన్నా, బెయిల్ తీగ, అదే దారాన్ని చుట్టించే తీగ, వంగితే కూడా విప్పాలా?

సాగర తీరం
గురునాథం గారూ, మీ సలహా మొదట్లోనే తప్పింది. డబ్ల్యూడీ-40 నీటిని తోస్తుంది, నిజమే. దాంతోపాటు లోపలున్న గ్రీజునీ పలచన చేసి కడిగేస్తుంది. మిగిలేది ఉప్పు, ఉత్త లోహం.

రాళ్లు తమ్ముడూ, కుళాయి కింద కడిగావన్నావు కదా, డ్రాగ్, అంటే దారం జారే బిగువు సరిచేసే మర, బిగించి కడిగావా? వదులుగా ఉంటే దారం చుట్టుకునే స్పూల్ కింద నుంచి నీళ్లు డ్రాగ్ వాషర్లలోకి పోతాయి. ధారగా కొడితే పైనున్న ఉప్పు కూడా లోపలికే పోతుంది. బిగించి, పై పైన చిలకరించి, తుడిచి, ఆరాక మళ్లీ డ్రాగ్ వదులు చేసి పెట్టాలి.

ఇక హ్యాండిల్ వెనక్కి తిరగడం వన్‌వే క్లచ్ సమస్య. దాని జోలికి నువ్వు పోకు. తెలిసినవాళ్లకి ఇవ్వు.

గేర్‌బాక్స్ గురునాథం
నేను డబ్ల్యూడీ-40 కొట్టి వదిలెయ్యమనలేదు. తర్వాత విప్పి కడగమన్నాను. పూర్తిగా చదవండి.

సాగర తీరం
చదివాను. కొట్టేవాళ్లలో ఎక్కువమంది అక్కడితో ఆగిపోతారు. గరగర తగ్గింది కదా అని రాడ్ పట్టుకుని మళ్లీ వెళ్లిపోతారు.

గేర్‌బాక్స్ గురునాథం
ఎవరో ఆగిపోతారని నేను సరైన పద్ధతి చెప్పకూడదా?

గోదారి గట్టు
మళ్లీ మొదలైంది. ఆ డబ్బా కంపెనీ వాళ్లు మీ ఇద్దరికీ జీతం ఇవ్వాలి.

రాణీగంజ్ రాజు
బేరింగ్ పోయుంటే రీల్ కంపెనీదే కావాలని లేదు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి బేరింగుల షాపులో అడగండి. మిల్లీమీటర్లలో 8x16x5 అయితే బేరింగ్ నంబరు 688, 4x7x2.5 అయితే ఎంఆర్74. సముద్రానికి స్టెయిన్‌లెస్, రబ్బరు సీలుది, అంటే 2ఆర్‌ఎస్ అడగాలి. జడ్‌జడ్ అని ఇస్తే అది రేకు మూత. మా సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడిగితే దొరుకుతాయి.

సాగర తీరం
బేరింగ్ దొరకడం పెద్ద సంగతి కాదు. క్లచ్ గురించి చెబుతాను, వినండి. అందులో సన్నటి రోలర్లు, ఒక్కోదానికీ వెంట్రుక లాంటి స్ప్రింగు ఉంటాయి. హ్యాండిల్ వెనక్కి తిరగబోతే ఆ రోలర్లు ఇరుక్కుని ఆపాలి. అక్కడ గ్రీజు చేరితే అవి జిగురుపట్టి కదలవు, హ్యాండిల్ జారిపోతుంది. సొంతంగా సర్వీస్ చేశామని చెప్పేవాళ్లలో సగం మంది చేసే పని ఇదే, కనిపించిన ప్రతిచోటా గ్రీజు. ఆ క్లచ్‌ని విడదీస్తే రోలర్లు టేబుల్ కింద వెతుక్కోవాలి.

గేర్‌బాక్స్ గురునాథం
విడదీయమని ఎవరన్నారు? మొత్తంగా బయటికి తీసి, లైటర్ ఫ్లూయిడ్‌లో ముంచి, ఆరాక పల్చటి నూనె ఒక్క చుక్క. అంతే. ఈ మాత్రానికి ఏదో గుండె ఆపరేషన్ చేస్తున్నట్టు చెబుతారేంటి?

ఆస్టిన్ గాలం
ఇక్కడ టెక్సాస్‌లో కూడా ఇదే గొడవ. కొందరు కంపెనీకి పోస్టులో పంపేస్తారు, కొందరు భాగాలు తెప్పించుకుని ఇంట్లోనే చేసుకుంటారు. ఒక్క జాగ్రత్త: డైవా కంపెనీలో మాగ్‌సీల్ ఉన్న రీల్ అయితే ఆ సీల్ దగ్గర చెయ్యి పెట్టకండి. అయస్కాంతం పట్టి ఉంచే నూనె అది. మామూలు నూనె కలిసిందా, సీల్ పోయినట్టే.

కొర్రమీను కుర్రాడు
బెయిల్ తీగ గురించి ఎవరూ చెప్పలేదు...

సాగర తీరం
గురునాథం గారు ఈ వేదికలో "పది నిమిషాల్లో రీల్ సర్వీస్" అని రాసిన దగ్గర్నుంచి నా దగ్గరికి రీళ్లు క్యారీబ్యాగుల్లో వస్తున్నాయి. రీల్ కాదు, ముక్కలు. ఒక స్ప్రింగు ఉండదు, షిమ్‌లు కలిసిపోయి ఉంటాయి. సాయంత్రమంతా కూర్చుని కలిపితే చివర్లో "ముందు ఇంతకంటే స్మూత్‌గా ఉండేది" అంటారు. అందుకే ఇంట్లో విప్పిన రీల్ తీసుకోవడం మానేశాను.

గేర్‌బాక్స్ గురునాథం
అసలు మాట ఇప్పటికి బయటికొచ్చింది. డబ్బు తీసుకుని చేస్తారని ముందే చెబితే సరిపోయేది కదా? ఎవరూ విప్పొద్దు, అందరూ మీ దగ్గరికే రావాలి.

సాగర తీరం
డబ్బు తీసుకుంటే తప్పా? గ్రీజు మా ఇంట్లో పుట్టదు కదా.

గేర్‌బాక్స్ గురునాథం
తప్పు అది కాదు. నా పాత రీల్ పదహారు వందలది, మీ దగ్గరికే తెచ్చాను, గుర్తుందో లేదో. చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఇలాంటివాటికి సర్వీస్ దండగండీ, కొత్తది కొనుక్కోండి" అన్నారు. పక్కన నిలబడ్డాయన పాతిక వేల రీల్‌ని మాత్రం బట్టలో చుట్టి తీసుకున్నారు. ఆ రాత్రే నా రీల్ విప్పాను. ఇప్పటికీ దాంతోనే పార చేపలు పడుతున్నాను. హార్బర్ దగ్గర సాయంత్రం వేసేవాళ్లలో ఎక్కువమందివి రెండు వేల లోపు రీళ్లే. వాళ్లు ఎవరికివ్వాలి? నేను రాసింది వాళ్ల కోసం.

గోదారి గట్టు
ఓహో. డబ్ల్యూడీ-40 మీద కోపం కాదన్నమాట.

సాగర తీరం
గుర్తుంది. రేటు చెప్పి ఉంటే మీరే అనేవారు, రీల్ ధరలో సగం అడుగుతున్నాడని. రెండు వేల రీల్‌కైనా పాతిక వేల రీల్‌కైనా విప్పి కడిగి బిగించడానికి పట్టే టైమ్ ఒకటే. పైగా చవక రీల్‌కి గేర్ అరిగితే విడిగా దొరకదు. ఉన్నమాట చెప్పడం అవమానించడమా?

గేర్‌బాక్స్ గురునాథం
రేటు చెప్పలేదు కదా, చెప్పుంటే తెలిసేది. అడిగే అవకాశమే ఇవ్వలేదు.

మోడరేటర్
ఇద్దరూ పెద్దవాళ్లు. వ్యక్తిగత విషయాలు విడిగా మెసేజ్‌లో మాట్లాడుకోండి. అడిగిన కుర్రాడి రీల్ సంగతి తేల్చండి.

రుషికొండ రాళ్లు
మీరు మాట్లాడుకుంటుండగా పక్క మూత తీశాను. గ్రీజు కాఫీ రంగులోకి తిరిగింది, నీళ్లు కలిసినట్టుంది. పెద్ద గేరు బేరింగ్ ఒకటి తుప్పుపట్టి వేలితో తిరగట్లేదు, మీద 688 అనే ఉంది. గేరు పళ్లు బాగానే ఉన్నాయి. క్లచ్ దగ్గరికి పోవాలంటే రోటర్, అదే స్పూల్ చుట్టూ తిరిగే భాగం, దాని నట్టు తీయాలట. ఎటు తిప్పినా రావట్లేదు.

గేర్‌బాక్స్ గురునాథం
ఆగు, బలం పెట్టకు. కొన్ని మోడళ్లకి ఉల్టా మర ఉంటుంది. ముందు నట్టు పక్కనున్న చిన్న లాక్ రేకు స్క్రూ తీశావా?

రుషికొండ రాళ్లు
రేకు ఉందా?

సాగర తీరం
అక్కడితో ఆపు. ఇంకో తిప్పు తిప్పితే నట్టు అంచులు పోతాయి. ఉన్నది ఉన్నట్టు డబ్బాలో పెట్టి శనివారం తీసుకురా. 688 స్టెయిన్‌లెస్‌ది నువ్వే కొనుక్కురా. పనికి నాలుగు వందలు. ఫోటోలు తీసి ఉంటేనే.

గేర్‌బాక్స్ గురునాథం
విప్పిన రీల్ తీసుకోనన్నారు?

సాగర తీరం
షిమ్‌లు కలపలేదు కాబట్టి తీసుకుంటున్నా. మీ పదహారు వందలది కూడా పంపండి, అదే రేటు.

గేర్‌బాక్స్ గురునాథం
నాది బాగానే నడుస్తోంది. హార్బర్ వాళ్లవి పంపిస్తాను, మూడొందలు చెయ్యండి.

సాగర తీరం
మూడున్నర. గ్రీజు మీది.

కొర్రమీను కుర్రాడు
బెయిల్ తీగకి ఎంత?