ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రైతులే ఫ్యూజు వేసుకోవడం మాన్పించేదెలా?

గట్టుమీద: 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద 12 బోరు మోటార్లు. ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా ఆగకుండా, ఎవరో ఒకరు ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైను ఆపే స్విచ్) దించి తామే తీగ వేస్తున్నారు. గ్రామసభలో చెబితే తలూపుతారు, మర్నాడు మళ్లీ అదే. నాట్లకు ముందు రైతులనే కలుపుకొని ఏం చేయొచ్చు?

నల్లరేగడి: ఉపన్యాసం వద్దండి. 12 మందినీ, నీళ్లు కట్టే కూలీలనూ ఒక పొద్దున గట్ల వెంట నడిపించండి. ఏ డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటుందో, ఏ తీగ చేతికందేలా వేలాడుతోందో యజమాని కంటే కూలీలకే బాగా తెలుసు. అవన్నీ రాసి, సంతకాలతో ఏఈకి (కరెంటు ఆఫీసు ఇంజనీరుకు) ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. తీగ తెగిపడితే మాత్రం కాగితాలు కాదు, వెంటనే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.

పాత మేస్త్రి: ఏబీ స్విచ్ దించినా లైన్లో కరెంటు పోయినట్టు కాదు. మూడు బ్లేడ్లలో తుప్పు పట్టినదొకటి అతుక్కునే ఉండొచ్చు. "పోయింది ఒక్క ఫేజే, ఆ తీగ ముట్టుకోవచ్చు" అనుకోవడం ఇంకా ప్రమాదం. ఆన్‌లో ఉన్న మోటార్ల వైండింగుల గుండా ఆ తీగలోకి కరెంటు వెనక్కొస్తుంది. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సబ్‌స్టేషన్‌లో లైను ఆపించి తీసుకునే అనుమతి) తీసుకుని లైన్‌మనే ఎక్కాలి, వేరే దారి లేదు.

అసలు ఫ్యూజు ఎందుకు పోతోంది? కరెంటు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అందరూ ఆటో తీసేసి, చెరువు నీళ్లకు పెట్టుకున్నట్టే వంతులు పెట్టుకుని రెండేసి నిమిషాల తేడాతో వేసుకోండి. ఒక్కరు ఒప్పుకోకపోయినా వంతు చెడుతుంది, కాబట్టి ఇది రైతులు తేల్చుకోవాల్సిన పనే. కరెంటు లేదని పంపు విప్పుతున్నవాణ్ణి చంపేదీ ఆ ఆటోనే.

గట్టుమీద: స్టార్టర్ డబ్బా జివ్వుమనకుండా ఎర్త్ కోసం బోరు కేసింగ్ పైపుకు తీగ చుడితే చాలదా అన్నా?

పాత మేస్త్రి: పీవీసీ కేసింగైతే చుట్టినా చుట్టనట్టే. 40 ఎంఎం జీఐ పైపు, రెండున్నర మీటర్లది, నిలువునా పాతండి. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా. తీగను క్లాంపుతో బిగించి స్టార్టర్ డబ్బాకు కలపాలి. చేత్తో మెలిపెడితే తుప్పుకు వదులవుతుంది. ఎండాకాలం గుంతలో నీళ్లు పోస్తుండాలి.

నల్లరేగడి: ఎండిన నేలలో ఎర్త్ ఉన్నా ఫ్యూజు పోకపోవచ్చు, డబ్బాలో కరెంటు అలాగే ఉండిపోవచ్చు. కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే లీకేజీ బ్రేకరు కూడా పెట్టండి. అది మాటిమాటికీ పడిపోతుంటే తీసి పారేయకుండా, ముందు బోరులోని కేబుల్ జాయింట్ చూడండి.